బావకి మే నెల సలహా

ఎల్లాజీ బావా,
రేపు షిఫ్టు దిగి తిన్నగా ఇటే వచ్చీ.
కోక్ ఓవెన్ వేడి ఒంటిమీద ఉండగానే వచ్చీ.
దారిలో వైన్ షాపు ముందు ఆగకు,
ఆ నల్ల కవరు నీకోసం ఊగుతూనే ఉంటుంది,
ఊగనీ.

లాసన్స్ బేలో, వలలు బాగుచేసే షెడ్డు వెనక,
మేడమీద కొత్తగా పెట్టారొకటి.
పేరు నాకూ నోరు తిరగదు.
మెట్లెక్కుతుంటే ఉడికే గింజల వాసన తగులుతుంది,
మీ అమ్మ చోడంబలి కాచే పొయ్యి దగ్గరి వాసనే,
కాస్త తియ్యగా.

బీరు కాచేది దమయంతి. పెదజాలారిపేట పిల్ల.
ఏయూలో సూక్ష్మజీవుల చదువు చదివింది.
వాళ్ళ తాత మసేను గాలి చూసి తెప్ప దించేవాడట,
ఈమె నురగ చూసి కుళాయి కట్టేస్తుంది.

ముందు గోధుమది అడుగు.
మబ్బుగా ఉంటుంది, పాడైందనుకోకు,
వడగట్టకపోవడమే దాని పద్ధతి.
కమలా తొక్క, దంచిన ధనియాలు.
"చారులో వేసేవి బీరులో ఏటి?" అంటావు, తెలుసు.
అను.
అంటూనే సగం తాగీసుంటావు.

తరవాత బియ్యంతో చేసింది.
గ్లాసులోంచి ఎదుటి మనిషి కనపడతాడు, అంత తేట.
నాలుక మీద కూర్చోదు, పలకరించి పోతుంది.
తరవాణి తెలిసిన నోటికి
దాని పుట్టుపూర్వోత్తరాలు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఉప్పుది కూడా ఉంది.
నవ్వకు.
ఈ ఊళ్ళో మే నెల్లో
చొక్కా ఉప్పు, బాల్కనీ కమ్మీ ఉప్పు,
మెడ వెనక మడతలో ఉప్పు,
గ్లాసులోకీ ఒక చిటికెడు దిగితే తప్పేముంది?
పచ్చిమావిడి చెక్క కొరికినట్టు మొదలవుతుంది.
వేయించిన నెత్తళ్ళు పక్కన పెట్టుకో,
ఇంక నన్నేమీ అడగవు.

అరకు కాఫీ పోసి చేసిన నల్లదొకటుంది.
దాని జోలికి పోకు.
లంబసింగిలో మంచు పడ్డాక మాటాడుకుందాం.

"శాతం ఎంత?"
ఆ ప్రశ్న నాకిక్కడికే వినిపిస్తోంది.
నాలుగు. మహా అయితే నాలుగున్నర.
నీ మొహమూ కనిపిస్తోంది.
ఎనిమిది లేనిదే డబ్బు దండగన్నది
మనిద్దరం కలిసి చెక్కుకున్న శాసనమే కదా!
ఇరవయ్యేళ్ళు తు.చ. తప్పకుండా పాటించాం.
గాజువాక లాడ్జి డాబా మీద,
షిప్‌యార్డు గోడ నీడలో,
యారాడ ఇసకలో చెప్పులు పారేసుకుని.
చెప్పు, ఒక్క సాయంత్రమైనా
ఎలా ముగిసిందో నీకు తెలుసా?
నాకు తెలీదు.

రెండో సీసా మొదట్లో నువ్వొక మాట ఎత్తుతావు, బావా.
"ఆ రాత్రి, మూడో బ్యాటరీ మీద,
కొర్లయ్య నా పక్కనే..." అని.
మూడో సీసా మూత ఎగిరేసరికి
నువ్వు పాటెత్తుకుంటావు,
నేను బల్ల వాయిస్తాను.
తెల్లారితే తలనొప్పి ఉంటుంది,
కొర్లయ్య ఉండడు.
ఎన్నిసార్లయిందో నేనూ లెక్కపెట్టలేదు,
పాట బాగుండేది మరి.

దమయంతికి చెప్పి కిటికీ పక్క బల్ల ఆపించాను.
అక్కణ్ణించి డాల్ఫిన్ నోస్ దీపం కనిపిస్తుంది,
తిరిగొస్తుంది, పోతుంది, మళ్ళీ తిరిగొస్తుంది.
తొమ్మిదింటికి గాలి మారుతుంది,
చొక్కా వీపు నుంచి విడుతుంది.
నువ్వు "నా పక్కనే" దగ్గర ఆగితే
ఆగు.
నేను పాట అందుకోను.
నెత్తళ్ళు ఇంకో ప్లేటు చెప్తాను.
నాలుగు శాతానికి సాయంత్రం చాలా పొడుగు.

అప్పకి మాత్రం
నేను పిలిచానని చెప్పకు.
బండి తేకు, బస్సులో వచ్చీ.